సరస్సు ఒడ్డు దాటిన వేళ

వేసవి సెలవులు రాగానే కారులో సామాను సర్దుకొని, పిల్లాపాపలతో సరస్సు తీరానికి చేరి, గుడారం వేసుకొని రెండు మూడు రోజులు గడపడం ఉత్తర అమెరికాలో చాలాకాలంగా ఉన్న అలవాటు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా దీనిని అలవరచుకున్నాయి. అయితే 2017లోనూ, మళ్లీ 2019లోనూ ఒంటారియో సరస్సు తీరం చేరిన యాత్రికులకు ఎన్నోచోట్ల ఇసుక తిన్నెలకు బదులు నీళ్లే ఎదురయ్యాయి. పడవల రేవులు, కొన్నిచోట్ల గుడారాలు వేసే స్థలాలు సైతం మునిగిపోయాయి.

ఐదు మహా సరస్సులలో ఒంటారియో చివరిది. పై సరస్సుల నీరు నయాగరా మీదుగా దీనిలోకి చేరి, సెయింట్ లారెన్స్ నది ద్వారా అట్లాంటిక్ మహాసముద్రానికి పోతుంది. భారీ వర్షాల వలన 2017లో నీటిమట్టం 75.88 మీటర్లకు, 2019 జూన్‌లో 75.92 మీటర్లకు పెరిగింది. 1918 నుండి నమోదైన మట్టాలలో ఇదే అత్యధికం.

ఆనకట్ట గేట్లు ఎత్తివేస్తే సరిపోదా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. దిగువన మాంట్రియల్ నగరం ఉన్నది. అదే సమయంలో ఒట్టావా నది పొంగి, అక్కడే సెయింట్ లారెన్స్‌లో కలుస్తున్నది. ఎగువవారి కోసం నీరు వదిలితే దిగువవారి ఇళ్లు మునుగుతాయి. అందుచేత ఒట్టావా ఉధృతి తగ్గిన తరువాతే మోజెస్-సాండర్స్ ఆనకట్ట నుండి సెకనుకు 10,400 ఘనపు మీటర్ల వరకు వదిలారు. అప్పటివరకు ఎగువవారు ఓర్చుకోవలసి వచ్చింది. పొరుగువాని క్షేమం కోసం తమ ముంగిట నీటిని భరించడం చిన్న విషయం కాదు.

సుమారు 19,000 చదరపు కిలోమీటర్ల సరస్సు త్వరగా దిగదు. కృష్ణకు వచ్చిన వరద కొద్ది రోజులలో తగ్గుముఖం పడుతుంది. సరస్సు పొంగు నెలల తరబడి నిలుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన తీరం సురక్షితమని భావించరాదు. బలమైన గాలి గంటల వ్యవధిలోనే నీటిని ఒక ఒడ్డు వైపు నెట్టివేస్తుంది. సాయంత్రం పొడిగా ఉన్న చోట తెల్లవారేసరికి అలలు తాకవచ్చు.

కనుక బయలుదేరే ముందే ఆ ఉద్యానవనం వారిని సంప్రదించి, ఏ స్థలాలు మూసివేశారో తెలుసుకోవాలి. గుడారం ఎత్తైన నేలపై, నీటిలో నానిన చెట్లకు దూరంగా వేసుకోవాలి. వాటి వేళ్లు పట్టు సడలి ఉంటాయి. వరద నీరు చేరిన బావుల నీటిని త్రాగరాదు. ప్రవహించే నీరు 30 సెంటీమీటర్ల లోతున్నా చిన్న కారును కదిలించగలదు. అటువంటి దారిలోకి వెళ్లరాదు. మునిగిన తీరంలో విరిగిన దుంగలు, మేకులు కంటికి కనబడవు. వేసవి ఆరంభంలో నీరు అతి చల్లగా ఉంటుంది. పిల్లలను నీటి దగ్గర క్షణమైనా ఒంటరిగా విడువరాదు.

చీకటి పడకముందే కారును బయటి దారి వైపు తిప్పి ఉంచి, రాత్రి నీరు పెరిగితే ఏ పిల్లవాడి చేయి ఎవరు పట్టుకోవాలో ఇంటిల్లిపాదీ ముందుగానే నిర్ణయించుకోవాలి. గుడారం, సామాను అక్కడే వదలి వెళ్లవలసి వచ్చినా వెనుకాడరాదు.