పేరు విండోస్‌ది... పని దొంగది!

కంప్యూటరులో వేషగాడిని పట్టాలంటే చూడవలసింది పేరు కాదు, చిరునామా

పగటి వేషగాడు తహశీల్దారు వేషంలో వచ్చి ఇంటిముందు హడావుడి చేస్తాడు. కాసేపటికి అసలు సంగతి చెప్పి, ఇచ్చింది పుచ్చుకొని వెళ్లిపోతాడు. కంప్యూటరులో దూరే వేషగాడు అలాంటివాడు కాదు. విండోస్ సొంత ఫైలు పేరు పెట్టుకొని లోపలే మకాం వేస్తాడు. బ్యాంకు పాస్‌వర్డులు, ఆధార్ కాపీలు, దుకాణం లెక్కలు గమనిస్తూ బయటకు చేరవేస్తాడు.

జిరాక్సు దుకాణాలు, నెట్ సెంటర్లకు ఈ బెడద మరీ ఎక్కువ. హాల్‌టికెట్టు కోసం ఒకరు, పాసుపుస్తకం నకలు కోసం మరొకరు తెచ్చే పెన్‌డ్రైవులన్నీ ఒకే కంప్యూటరుకు తగులుతాయి. అక్కడ అంటుకున్న జబ్బు సాయంత్రానికి ఎన్ని ఇళ్లకు చేరుతుందో చెప్పలేం.

అసలు ఫైలు ఏది?

దొంగలు ఎక్కువగా వాడుకునే పేర్లలో ఒకటి 'ఎస్‌విసిహోస్ట్'. ఇది విండోస్‌లో నిజంగానే ఉన్న ఫైలు. నెట్ కనెక్షను, అప్‌డేట్లు వంటి ఎన్నో సేవలను నడిపేది ఇదే. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఇదే పేరుతో పదుల కొద్దీ వరుసలు కనిపిస్తాయి. అది చూసి గాభరా పడనక్కరలేదు. మూడున్నర జీబీకి మించి మెమొరీ ఉన్న కంప్యూటర్లలో ఒక్కొక్క సేవకు ఒక్కొక్క వరుస ఉండేలా 2017 నుంచి విండోస్ 10లో మార్పు చేశారు.

ఇందరు అసలువాళ్ల మధ్య ఒక నకిలీ నిలబడితే గుర్తించడం కష్టం. అందుకే దొంగలకు ఈ పేరంటే అంత ఇష్టం. కొందరు అక్షరాలు తారుమారు చేస్తారు. 'వి' ముందు రావలసిన చోట 'సి' పెడతారు. 'ఓ' అక్షరం బదులు సున్నా వేస్తారు. మరికొందరు అక్షరం కూడా మార్చకుండా అదే పేరు పెట్టి, ఫైలును వేరే ఫోల్డరులో దాస్తారు. 2003 ఆగస్టులో వ్యాపించిన 'వెల్చియా' పురుగు ఈ పనే చేసింది. సిస్టం32 ఫోల్డరులోనే 'విన్స్' అనే లోపలి ఫోల్డరులో ఎస్‌విసిహోస్ట్ పేరుతో తన ఫైలు ఒకటి పెట్టింది.

తొందరపడితే సొంత ఇంటికే నష్టం

అనుమానం వచ్చిన వెంటనే ఫైలును చెరిపేయడం అన్నిటికన్నా ప్రమాదం. 2002లో ఒక ఈమెయిలు దేశదేశాలు తిరిగింది. మీ కంప్యూటరులో ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు వైరస్ అనీ, వెంటనే తీసేసి స్నేహితులందరికీ చెప్పమనీ దాని సారాంశం. నిజానికి అది విండోస్‌తో వచ్చిన అసలు ఫైలే. మాట నమ్మినవారు దానిని చేజేతులా చెరిపేసుకున్నారు.

పొరపాటు సామాన్యులే చేస్తారనుకోవద్దు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేటు ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని అసలు ఎస్‌విసిహోస్ట్‌నే వైరస్‌గా లెక్కగట్టింది. అమెరికాలో ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలతో సహా ఎన్నో చోట్ల వేలాది కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ పనికిరాకుండా పోయాయి. అసలు ఫైలు పోతే ఇంత నష్టం. కాబట్టి ముందు విచారణ, ఆ తర్వాతే శిక్ష.

గుర్తించే పద్ధతి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'డీటెయిల్స్' చూడండి. అనుమానం ఉన్న వరుసపై మౌసు కుడి మీట నొక్కి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' ఎంచుకోండి. ఫైలు ఉన్న ఫోల్డరు తెరుచుకుంటుంది.

నడుస్తున్న అసలు ఎస్‌విసిహోస్ట్ సి డ్రైవులో, విండోస్ ఫోల్డరులోని సిస్టం32లో ఉంటుంది. 64 బిట్ కంప్యూటర్లలో పక్కనే ఉన్న సిస్‌వావ్64లో కూడా ఉండవచ్చు. డౌన్‌లోడ్స్, టెంప్, యాప్‌డేటా ఫోల్డర్లలోగాని, పెన్‌డ్రైవులోగాని కనిపిస్తే అది వేషగాడేనని గట్టిగా అనుమానించవచ్చు.

తరువాత ఫైలు 'ప్రాపర్టీస్'లో 'డిజిటల్ సిగ్నేచర్స్' ఉన్నదేమో చూడండి. మైక్రోసాఫ్ట్ సంతకం సరిగా ఉంటే అసలుదనడానికి మంచి సాక్ష్యం. కొన్ని అసలు ఫైళ్లకు ఈ పేజీ కనిపించదు. అది లేనంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదు. వరుసలో మీ పేరు కనిపించినా అంతే. విండోస్ 10 నుంచి కొన్ని అసలు సేవలు కూడా వాడేవారి పేరుతోనే నడుస్తాయి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకుండా అన్నీ కలిపి చూడాలి.

చిరునామా సరిగా ఉన్నా పూర్తి నిశ్చింత లేదు. 2008లో బయటపడిన 'కాన్‌ఫికర్' అసలు ఎస్‌విసిహోస్ట్ ద్వారానే తన ఫైలును నడిపించుకున్నది. ఇల్లు అసలుదే, అద్దెకు దిగినవాడు దొంగ! ఇలాంటివాటిని కంటితో పట్టలేం. స్కాన్ చేయించవలసిందే.

వదిలించుకునే పద్ధతి

ముందు నెట్ తీసేయండి. వైఫై ఆపండి, వైరు ఊడదీయండి. సమాచారం బయటకు పోయే దారి మూసుకుంటుంది. ముఖ్యమైన కాగితాలు, ఫోటోలు మాత్రం వేరే డిస్కులోకి తీసుకోండి. ప్రోగ్రాము ఫైళ్లు తీసుకోవద్దు. వాటితోపాటు జబ్బు కూడా వస్తుంది.

విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', అందులో 'స్కాన్ ఆప్షన్స్', అక్కడ 'డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. కంప్యూటరు రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. దొంగ నిద్రలో ఉండగానే పట్టుకోవడం అన్నమాట. ఇందుకు పావుగంట వరకు పట్టవచ్చు. మధ్యలో ఆపవద్దు.

ఆ తర్వాత టాస్క్ మేనేజర్‌లో 'స్టార్టప్' జాబితా, విడిగా 'టాస్క్ షెడ్యూలర్' చూడండి. తెలియని పేరు ఏదైనా అదే దొంగ ఫోల్డరును చూపుతున్నదేమో గమనించండి. ఆ ఏర్పాటు మిగిలితే వెళ్లినవాడు మళ్లీ వస్తాడు. చివరగా కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి 'ఎస్ఎఫ్‌సి' టైపు చేసి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి 'స్కాన్‌నౌ' అని ఇవ్వండి. చెడిపోయిన అసలు ఫైళ్లను విండోస్ సరిచేసుకుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్రం' కూడా ఉచితంగా శుభ్రపరిచే సాధనాలు ఇస్తున్నది.

ఇంత చేసినా నకిలీ తిరిగి వస్తుంటే డిస్కు ఖాళీ చేసి విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడమే మేలు.

దొంగ పోయినా తాళాలు మార్చాలి

ఫైలు తీసేశాం, పని అయిపోయిందనుకుంటే పొరపాటు. అది ఉన్నన్నాళ్లూ మీరు కొట్టిన పాస్‌వర్డులు దాని చేతిలో పడి ఉండవచ్చు. బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులను జబ్బు లేని వేరే కంప్యూటరు లేదా ఫోను నుంచి మార్చండి. ఖాతాలో డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

దుకాణదారులకు మరో మాట. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచి ఉంచుతుంది. అందువలన ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రాము ఫోల్డరులాగే కనిపిస్తుంది. 'వ్యూ'లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' పెట్టుకుంటే తోక బయటపడుతుంది. ఫోల్డరు బొమ్మ ఉండి చివర 'ఇఎక్స్ఇ' ఉంటే ముట్టుకోవద్దు. ఎవరి పెన్‌డ్రైవు అయినా ముందు స్కాన్, తర్వాతే ప్రింటు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానితోనే నెట్టుకొస్తున్నవారు మార్పు గురించి ఆలోచించాలి.

వరుసలో నిలబడిన కుర్రవాడికి స్కాన్ పట్టే రెండు నిమిషాలు విసుగు అనిపించవచ్చు. కాని అతని తండ్రి బ్యాంకు ఖాతాకు కూడా ఆ రెండు నిమిషాలే కాపలా.