షాంపూలో మందు: భయపడేది కాదు, లెక్క అడగాల

షాంపూలో కలిపేదంతా విషమేనని ఫోన్లలో తిరగతా ఉండాది. నిజం అంత సులువు కాదబ్బా.

శీకాయపొడి తడి తగలకుంటే నెలలకొద్దీ నిలుస్తాది. కుంకుడు రసం రెండ్రోజులకే కంపు కొడతాది. తేడా నీళ్లే. షాంపూలో, క్రీములో ఎక్కువుండేది నీళ్లే. చెడిపోకుండా మందు, అదే ప్రిజర్వేటివ్, కలపకుంటే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. అవి కంట్లో, పుండులో పడితే ఇంకా చేటు.

అట్లని మందులన్నీ ఒకటి కాదు. యూరప్ 2014లో ఐదు రకాల పారాబెన్లను నిషేధించింది, మిథైల్ పారాబెన్‌కు 0.4 శాతం హద్దు పెట్టింది. డీఎండీఎం హైడాంటోయిన్ లాంటివి కొంచెం కొంచెంగా ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అది పడనోళ్లకు దురద, దద్దుర్లు వస్తాయి.

2019లో జాన్సన్ బేబీ షాంపూలో ఫార్మాల్డిహైడ్ ఉండాదని రాజస్థాన్ అధికారులన్నారు. మేం కలపలేదని కంపెనీ అనింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్‌ను కూడా పరీక్ష చేయమనింది. ఇట్లాంటి పరీక్షల ఫలితాలు తెలుగులో, మన పల్లె అంగడిదాకా రావాల. అడగాల్సింది మనమే.

ఈలోగా ప్యాకెట్ మీది సన్నక్షరాలను ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసి చదవండి. తయారీ తేదీ, కలిపినవాటి పేర్లు లేని క్రీము ఎంత చవకైనా కొనొద్దండి.