ఆ అయిదు నిమిషాలు అమ్మాయికివ్వండి

పదిహేనేళ్ళ పిల్లకి కన్నతల్లి దగ్గర దాపరికాలేముంటాయి? నా దగ్గరికి కూతుళ్ళని తీసుకొచ్చే తల్లుల్లో చాలామంది మాట ఇదే. "కాసేపు బయట కూర్చోండమ్మా, పాపతో మాట్లాడతాను" అంటే చాలు, మొహం చిన్నబుచ్చుకుంటారు. చిన్న ఊళ్ళో ఆడవాళ్ళ డాక్టర్ని కదా, నాకిది అలవాటైపోయింది.

తల్లి పక్కనుంటే ఏమవుతుందో చెప్పనా? "నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని పిల్లనడిగితే తల్లి జవాబు చెబుతుంది. "నొప్పెక్కడ?" అన్నా తల్లే చూపిస్తుంది. పిల్ల తలెత్తదు. అదే ఒంటరిగా ఉంటే మెల్లగా నోరు విప్పుతుంది. తెల్లబట్ట అవుతోందని నెలల తరబడి దాచుకున్న పిల్లలున్నారు. సన్నబడాలని రాత్రి అన్నం మానేసేవాళ్ళు, పరీక్షల దిగులుతో నిద్రపోనివాళ్ళు ఉన్నారు. దగ్గరి బంధువు వెకిలి చేష్టలు ఎవరికీ చెప్పుకోలేక, కడుపునొప్పి పేరుతో వచ్చేవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళు నాతో కూడా చెప్పలేకపోతే? గర్భం వచ్చిందన్న భయంతో, డాక్టరు చీటీ లేకుండా మందులషాపులో మాత్రలు కొని మింగుతారు. రక్తం ఆగక సొమ్మసిల్లాక గానీ ఇంట్లోవాళ్ళకి తెలియదు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ప్రాణం మీదికే వస్తుంది. గుట్టు కాపాడతారన్న నమ్మకం లేకపోతే పిల్లలు ఎంత ప్రమాదంలో పడతారో చూడండి!

గుట్టు ఎక్కడ రట్టవుతుంది?

డాక్టరు నోరు మూసుకుంటే సరిపోదు. నిండిన వరండాలో "వైట్ డిశ్చార్జి అమ్మాయి ఎవరమ్మా?" అని కేకేస్తే ఏముంది ఇక! ల్యాబ్ రిపోర్టు ఇంటిల్లిపాదీ చూసే ఫోనుకి వాట్సాప్‌లో వెళ్ళినా అంతే. "మా వీధి పిల్లేగా, ఎందుకొచ్చింది?" అని అడిగే పొరుగింటావిడకి నేను చెప్పే జవాబు ఒక్కటే: "మీరొచ్చిన సంగతి కూడా నేనెవరికీ చెప్పను కదండీ!" దాంతో ఆవిడ మళ్ళీ అడగదు.

చట్టం ఏమంటోంది?

రోగి చెప్పిన విషయాలు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి డాక్టర్లని కట్టడి చేసింది. 18 ఏళ్ళు నిండని అమ్మాయికి గర్భస్రావం చేయాలంటే సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలి. ఇది 1971 నాటి చట్టం. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలను చట్టప్రకారం అధికారం ఉన్నవారికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని 2021లో ఆ చట్టానికే సవరణ తెచ్చారు. చెబితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

అయితే 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి తెలియజేయాల్సిందే. అమ్మాయి ఇష్టపడే దగ్గరైంది అన్నా చట్టం ఒప్పుకోదు. పోలీసులంటే భయపడి పిల్లలు ఆసుపత్రి గడప తొక్కడం మానేస్తే ఎలా? అందుకే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆ అమ్మాయి పేరు, వివరాలు రాయనక్కర్లేదు.

కాబట్టి పిల్లలకి "ఎవరికీ చెప్పను" అని నేను ఒట్టు వేయను. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ముప్పుందన్నా, నిన్నెవరైనా బాధపెడుతున్నారన్నా మాత్రం చెప్పక తప్పదు. ముందు నీకు చెప్పే చెబుతాను" అంటాను. ఇది మొదటే చెప్పాలి. అంతా విన్నాక చెబితే పిల్ల మోసపోయాననుకుంటుంది.

అమ్మలకో మాట

డాక్టరు బయట కూర్చోమంటే అది మీ పెంపకానికి వంక కాదు. శరీర పరీక్ష చేసేటప్పుడు పక్కన నర్సు ఉండాలని మీరు అడగొచ్చు, మీ పాప కోరితే మీరే ఉండొచ్చు. ఇంటికెళ్ళే దారిలో "ఏం చెప్పావ్? ఆవిడేమంది?" అని ఆరా తీయకండి. "నీకు చెప్పాలనిపిస్తే నేనున్నాను" అంటే చాలు. ప్రైవేటు డాక్టరు ఖర్చు భరించలేకపోతే సర్కారు ఆసుపత్రిలో అడగండి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్కులు పెట్టారు. అక్కడా గుట్టు పాటించాలన్నదే నియమం.

అన్నీ విన్నాక నేను పిల్లనడిగే చివరి మాట ఎప్పుడూ ఇదే: "అమ్మకి మనిద్దరం కలిసి చెబుదామా?" ఎక్కువమంది తలూపుతారు. ఆ మాట కోపంతో కాకుండా కూతురి చెయ్యి పట్టుకుని వినగలిగితే, ఇంకోసారి ఆ పిల్ల నాకంటే ముందు మీకే చెబుతుంది. నాక్కావలసిందీ అదే!