మట్టిని కాంతితో పరీక్షించుట – అందలి ఒక మెలకువ

నర్సంపేట ప్రాంతమున పాకాల చెరువు క్రింద వరియు, మెట్ట చేలలో మిరప, ప్రత్తి, మొక్కజొన్నలును పండుచున్నవి. ఈ పైరులన్నిటికిని పొటాష్ అవసరము. మన దేశమున వాడు పొటాష్ ఎరువు దాదాపు అంతయు విదేశముల నుండియే వచ్చుచున్నది. కనుక పొలమున ఇదివరకే ఎంత యున్నదో తెలిసికొని వేయుట రైతునకును, దేశమునకును లాభకరము. కాని కొలుచు పరికరమే పొరపడినచో రైతు ధనము మట్టిపాలగును. అట్టి పొరపాటు ఒకదానిని పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

కాంతినిబట్టి గుర్తించుట

పొయ్యిలో ఉప్పు పడినపుడు మంట పసుపువన్నెకు మారుట మన గృహిణులు ఎరిగినదే. ఆ పసుపు ఉప్పులోని సోడియముది. ఇట్లే ప్రతి మూలకమును మిక్కిలి వేడెక్కినపుడు తనకు మాత్రమే చెందిన వన్నెల కాంతి నిచ్చును. లేజరు పద్ధతిలో మంటకు బదులు, రెప్పపాటు కంటెను ఎంతో తక్కువ కాలముండు తీవ్రమైన కాంతిని మట్టిబిళ్ళపై ప్రయోగింతురు. ఆవగింజ కన్న చిన్న చోట మట్టి ఆవిరియై, వేల డిగ్రీల వేడిమి గల నిప్పుముద్ద యగును. దీనిని ప్లాస్మా యందురు. దాని వెలుగును విడదీసినచో సన్నని రేఖలు కనిపించును. రేఖ యొక్క స్థానమునుబట్టి మూలకమును, ప్రకాశమునుబట్టి దాని పరిమాణమును నిర్ణయింతురు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 రోవరు 'ప్రజ్ఞాన్' చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిలో గంధకమును ఈ పద్ధతిచేతనే గుర్తించినది.

తన వెలుగును తానే మ్రింగుట

ప్రకాశ మెక్కువైనచో పదార్థ మెక్కువ యనుట నిజమే; కాని ఎల్లప్పుడును కాదు. నిప్పుముద్ద నడుమ వేడి ఎక్కువ, అంచున తక్కువ. నడుమనున్న పొటాషియం పరమాణువులు వెలువరించిన కాంతిని అంచుననున్న పొటాషియం పరమాణువులే పీల్చుకొనును. జాతరలో గుంపు నడుమ నిలిచి ప్రసాదము పంచునపుడు చుట్టునున్నవారే అందుకొనగా, వెలుపలివారికి చేరునది కొంచెమే. వెలుపల నున్నవాడు అసలు వండినదే తక్కువ యనుకొనును. దీనినే శాస్త్రజ్ఞులు స్వీయశోషణ మందురు. అందుచే పొటాషియం రెట్టింపైనను రేఖ ప్రకాశము రెట్టింపు కాదు. ఒక్కొక్కప్పుడు రేఖ నడుమ నల్లని చార కూడ పడును. పదార్థము సమృద్ధిగా నున్నచోటనే ఈ పొరపాటు అధికము. పొటాష్ చాలినంత యున్న రైతునకే "చాలదు, ఇంకను వేయుము" అని పరికరము చెప్పును!

సూర్యకాంతిలోని నల్లని రేఖలకును ఇట్టి శోషణమే కారణమని 1859లో కిర్కాఫ్ వివరించెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమునాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునుండియే సూర్యుని అంచున లేచు జ్వాలలను పరిశీలించెను. సామాన్యముగా నల్లగా కనిపించు హైడ్రోజను రేఖలు, బింబము మరుగుపడగా వెలుగు రేఖలై కనిపించినవి.

సరిదిద్దు మార్గములు

పొటాషియమునకు 766.5, 769.9 నానోమీటర్ల వద్ద జంట రేఖలు గలవు. మొదటిది రెండవదానికి దాదాపు రెండింతలు ప్రకాశింపవలెను. రెండును ఇంచుమించు సమానమైనచో స్వీయశోషణము జరిగినదని గ్రహింపవచ్చును. అప్పుడు మరియొక బలహీనమైన రేఖను వాడుదురు. లేదా పరిమాణము ముందే తెలిసిన మట్టి నమూనాలతో పరికరమును సరిచూతురు. భూసార పరీక్షాకేంద్రములలో పొటాష్ కొలుచు ఫ్లేమ్ ఫోటోమీటరునందును ద్రావణము చిక్కనైనపుడు ఇట్టి దోషమే కలుగును. అచట ద్రావణమును పలుచన చేసి మరల కొలుతురు.

మరియొక విషయము. లేజరు చూపునది మట్టిలోని మొత్తము పొటాషియము. పైరునకు అందునది అందు కొంత భాగము మాత్రమే.

సభ్యులు చేయదగినది

2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకమున 12 అంశములకు భూసార పరీక్ష జరుపు ఏర్పాటు కలదు. క్షణములో ఫలితము చెప్పు పరికరమును ఎవరైన గ్రామమునకు తెచ్చినచో సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. తెలిసిన నమూనాలతో దీనిని సరిచూచితిరా? పొటాష్ హెచ్చుగా నున్న మట్టితో కూడ సరిచూచితిరా? అదే మట్టిని పరీక్షాకేంద్రమునకు పంపి ఫలితములు పోల్చితిరా?

అట్లే, మట్టిని పొలమున ఒక్కచోట గాక పలుచోట్ల 15 సెంటీమీటర్ల లోతువరకు తీసి కలిపి పంపునట్లు రైతులకు నచ్చజెప్పవలెను. పరికరము చూపు అంకెను నమ్ముటకు ముందు అది ఎట్లు వచ్చినదో అడుగుట అవిశ్వాసము కాదు. రైతు కష్టార్జితమును కాపాడుటయే.