కంటి వెనక పొర మందం ఎలా కొలుస్తారు?

కంట్లో బొమ్మ పడే తెర రెటీనా. దాని వెనకే రక్తనాళాలు అల్లుకున్న మెత్తటి పొర ఉంటుంది. డాక్టర్లు దాన్ని కోరాయిడ్ అంటారు. రెటీనా వెలుపలి భాగానికి ఆక్సిజన్, పోషకాలు అందించేది ఇదే.

మందం? పెద్దవాళ్లలో, చూపు కేంద్రం దగ్గర, సుమారు పావు మిల్లీమీటరు. స్కేలు పెట్టి కొలవలేం కదా! అందుకే ఓసీటీ యంత్రం కంట్లోకి పరారుణ కాంతిని పంపి, ఏ లోతు నుంచి ఎంత తిరిగొచ్చిందో లెక్కగట్టి, పొరల బొమ్మ గీస్తుంది. 1991లో వచ్చిన ఈ పద్ధతికి కోరాయిడ్ అడుగు సరిగా అందలేదు. పైనున్న రంగు పొర కాంతిని అడ్డుకునేది. 2008లో కొత్త మెలకువ దొరికాకే అది తేటపడింది.

ఈ మందం స్థిరంగా ఉండదు. రాత్రి ఎక్కువ, పగలు తక్కువ. వయసు పెరిగినా, హ్రస్వదృష్టి ముదిరినా పలచబడుతుంది. కాఫీ తాగినా కాసేపు తగ్గుతుంది.

కోడిపిల్లలది మరీ తమాషా. కళ్లకు కటకాలు తగిలించి, బొమ్మ రెటీనాకు ముందే పడేలా చేస్తే, కోరాయిడ్ ఉబ్బి రెటీనాను బొమ్మ వైపు నెట్టింది!