పాసుపుస్తకంలో ఆమె పేరేదీ?

గద్వాల ప్రాంతంలో అయిజ, మల్దకల్, గట్టు వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. మధ్యాహ్నం నుంచి మరునాడు విచ్చబోయే మొగ్గలను వెతికి పూరేకులు, పుప్పొడి తిత్తులు గోటితో తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి కీలానికి రుద్దుతారు. గోరు లోతుకు దిగితే పిందె నిలవదు. పుప్పొడి కాస్త మిగిలినా విత్తనం పరీక్షలో తప్పుతుంది, రైతు నష్టపోతాడు. ఇంత నేర్పు కావాల్సిన పనిని 'ఆడోళ్ల పని' అనేసి కూలి తగ్గిస్తారు. అదే చేలో మందు కొట్టే మగమనిషికి ఎక్కువ ఇస్తారు. బడి మానిపించి ఆడపిల్లలను ఈ పనికి పంపడం ఇక్కడ ఏళ్ల తరబడి సాగింది. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరమని 2016 సవరణ తర్వాత ఏ పనికైనా వర్తిస్తుంది.

వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నాట్లు, వేరుశనగ కలుపు, కాయ తెంపడం ఎవరు చేస్తున్నారో చెప్పనక్కరలేదు. మగవాళ్లది బరువు పని అంటారు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది కదా, బరువెక్కడుంది? ట్రాక్టరు మీద కూర్చున్నది మగవాడే. ఆడవాళ్ల కలుపు పనినేమో కలుపు మందు తినేసింది. ఒకే పనికి ఒకే వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. అది మన చేలల్లోకి రాలేదు. ఉపాధి హామీ 2006లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మొదలైనప్పుడు మాత్రం ఆడ, మగ తేడా లేకుండా ఒకే రేటు కట్టారు. కొలిచి డబ్బులిస్తే తేడా ఉండదని అప్పుడు తెలిసింది. నాట్లు ఎకరానికింత అని గుత్తకు మాట్లాడుకునే జట్లకు గిట్టుబాటయ్యేదీ అందుకే.

కూలి కంటే పెద్ద చిక్కు పట్టాది. చేను చేసేది ఆమె, పట్టాదారు ఆయన. 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమానే చూడండి. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు వచ్చేలా పెట్టారు. చేలో పాము కరిచి భార్య చనిపోతే? ఆమె పేర గుంట భూమి కూడా లేకపోతే బీమా లెక్కలో ఆమె రైతే కాదు. పంట రుణానికీ అదే గతి.

మరి హక్కు లేదా అంటే ఉంది. తాత ముత్తాతల ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా అని మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైంది. అప్పటికి పెళ్లయినవాళ్లకు దక్కలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినా కాకున్నా సమానమే అన్నారు. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. తండ్రి సొంతంగా కొన్న భూమి వేరు. దాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ తలా ఒక వాటా. ఇది హిందూ వారసత్వ చట్టం సంగతి. ముస్లిం కుటుంబాల లెక్క వేరు.

చిక్కంతా సంతకం దగ్గరే వస్తుంది. భర్త పోయిన నెలకో రెండు నెలలకో కాగితం తెచ్చి 'వదినా, ఇక్కడ వేలిముద్ర వెయ్' అంటారు. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉన్న మండలాల్లో గట్టు ఒకటి. ఆ కాగితంలో 'నాకు వాటా వద్దు' అని ఉందో లేదో ఆమెకు తెలిసేదెట్లా? చదువుకున్న పిల్లతో రెండుసార్లు చదివించుకోనిదే వేలు పెట్టొద్దు. 2025 భూభారతి చట్టం ప్రకారం వారసత్వ మార్పు చేసేముందు తహసీల్దారు వారసులకు నోటీసు ఇచ్చి విచారించాలి. అన్యాయం జరిగిందనుకుంటే ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు.

రైతు సోదరులకూ ఒక మాట. మూడెకరాల పట్టాలో ఒక ఎకరం భార్య పేర రిజిస్ట్రీ చేస్తే ఇంటికి నష్టం లేదు. పెట్టుబడి సాయం ఎకరాల లెక్కనే కాబట్టి తగ్గదు. ఖర్చు స్టాంపు డ్యూటీ, రుసుములే. బ్యాంకులో ఆ భూమిపై బాకీ ఉంటే ముందు అక్కడ అడగాలి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమికి ఈ దారి లేదు, అది వారసత్వంగానే మారుతుంది. కొత్త పాసుపుస్తకం చేతికి రాగానే ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లతో ఏఈవోను కలిసి బీమాలో ఆమె పేరు, నామినీ పేరు రాయించండి.