ముదిరిన తులసికి మారు మొక్క

కోటలోని తులసి రెండు మూడేండ్లకు కట్టెబారి, అడుగున ఆకు రాల్చి, పైన పూల వెన్నులు మాత్రమే మిగుల్చును. బిడ్డకు దగ్గు వచ్చిన రాత్రి పది మంచి ఆకులు దొరకవు. కొందరు మొదలంట నరికి చిగురుకై ఎదురుచూచెదరు. ఆకులేని ముదురు కట్టె తరచు చిగుర్చదు. పచ్చని కొమ్మలనే మూడవ వంతు కత్తిరించి, వెన్నులు కనబడగానే గిల్లివేయవలెను. దీనితో కొంతకాలము గడచును, అంతే.

మా గురువుగారి పెరటిలో ఎప్పుడును మూడు వయసుల తులసులు ఉండెడివి. పూయని లేత కొమ్మను నాలుగంగుళములు తుంచి, క్రింది ఆకులు తీసి నీటిలో నిలిపిన సుమారు రెండు వారములలో వేళ్ళు దిగును. లేదా ఎండిన వెన్నును నలిపి విత్తులను తడిమట్టిపై చల్లవలెను, లోతుగా పూడ్చరాదు. క్రొత్తది నిలద్రొక్కుకొనువరకు పాతదానిని పెరుకరాదు. పిదప ఆ కాండమును పారవేయకుడు, జపమాల పూసలకు పనికివచ్చును.